దూదికి అంటిన నలుపు

ఆరేళ్ళ కిందట, జూలై నెల రెండో మంగళవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మారేడ్‌పల్లిలో మా ఇంటి బెల్లు మోగింది. అప్పుడు మొదలైంది. ఆ నిమిషం నుంచి నేను మోస్తున్నదేమిటో ఎవరికీ చెప్పలేదు. మా చెల్లెలికి చెప్పలేదు. దేవుడికి కూడా మాటల్లో చెప్పలేదు, ఆయనకు తెలిసే ఉంటుందిలే అని దాటేశాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ముప్పై ఒక్క సంవత్సరాలు ఆడపిల్లల బడిలో రసాయనశాస్త్రం చెప్పాను. ఏది దేనిలో కరుగుతుందో చెప్పడమే నా ఉద్యోగం. ఇది ముందే ఎందుకు రాస్తున్నానంటే, తెలియక చేశానని మీరు అనుకోకూడదు.

రిటైరయ్యాక పాత గ్రామఫోన్ రికార్డులు సేకరించడం మొదలుపెట్టాను. లక్కతో చేసిన నల్లటి బరువైన పళ్ళాలు, చెయ్యి జారితే పెంకుల్లా పగిలేవి. అందులోనూ నాటకాలవాళ్ళవే నాకు కావాలి. ఒకటో రెండో పాటలు పాడి కనబడకుండా పోయిన ఆడవాళ్ళవి. మొదట్లో పాత సామాన్ల దుకాణాల్లో దొరికేవి. తరవాత అన్నీ ఆన్‌లైన్ వేలానికి వెళ్ళిపోయాయి. డెబ్భై ఏళ్ళు దాటాక ట్యాబ్లెట్ కొనుక్కుని, కళ్ళద్దాలు మార్చుకుని, అదీ నేర్చుకున్నాను.

వేలంలో మనిషి కనబడడు. మారుపేరు, ఒక అంకె. అంతే. మూడు రోజులు నాదే పై పాట. చివరి పది సెకన్లలో ఎవరో వచ్చి నా పెన్షన్‌కు మూడింతలు వేసి ఎత్తుకుపోతారు. అలా పదకొండుసార్లు ఓడిపోయాను. అందులో ఏడుసార్లు ఒకే మారుపేరు. ఆయన బేగంపేటలో రెండు హోటళ్ళున్న పెద్దమనిషి అని తరవాత తెలిసింది. ఆయన ఇంట్లో గ్రామఫోన్ లేదు. సూది పెడితే విలువ పడిపోతుందట. పాట వినని మనిషి పాటలు కొనుక్కుంటుంటే నాకు ఒళ్ళు మండేది. నా కడుపుమంట న్యాయమైనదే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నానా? ఏమో.

ఒక్కసారి నేను గెలిచాను. అమ్మినవాడు ఫోటో సరిగా తీయలేదు, లేబులు మీద పేరు మసకగా ఉంది. మిగతావాళ్ళకు అర్థం కాలేదు. నాకు అయింది. నాటకాల కంపెనీలో పాడిన ఒకావిడ రికార్డు అది. ఆవిడ జీవితంలో ఇచ్చింది ఆ ఒక్కటే, ఆ పక్కొకటి ఈ పక్కొకటి రెండు పాటలు. సేకరించేవాళ్ళందరూ విన్న పేరే గాని, రికార్డును చూసినవాళ్ళు లేరు.

పది రోజుల్లో హోటళ్ళ పెద్దమనిషి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. అది తనకిస్తే, నా చేతికి అందకుండా ఎగరేసుకుపోయిన ఏడు రికార్డులూ ఇచ్చేస్తానన్నాడు. ఏడుకు ఒకటి. షరతులు రెండు. పాటను ఫోన్‌లో కూడా రికార్డు చేసి ఉంచుకోకూడదు. ఇది తప్ప ఇంకో కాపీ ఉన్నట్టు నాకు తెలియదని కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. నా సంతకం ఎందుకంటే, నేను పొరపాటు మాట రాయనని ఈ వ్యాపకం ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఒప్పుకున్నాను. సంతకం శుక్రవారం.

బెల్లు మోగింది మంగళవారం.

వచ్చినావిడ పేరు రాయను. నర్సమ్మ అంటాను. తిరుమలగిరిలో మిలిటరీ ఆఫీసర్ల ఇళ్ళలో వంట చేసి మానేసిన మనిషి. అప్పటికి ఆవిడకు అరవై ఆరు, నాకు డెబ్భై మూడు. గ్రామఫోన్లు బాగుచేసే అతను నా గురించి చెప్పాడట. చంకలో పాత చీర మూట. కూర్చోగానే విప్పింది.

లేబులు చూడగానే తెలిసింది, నేను వేలంలో గెలిచిన రికార్డుకు ఇది ఇంకో కాపీ.

“మాయమ్మది టీచరమ్మా,” అంది. “నేను పది నెలల పిల్లనున్నప్పుడే సచ్చిపోయింది. ఫోటో సుత లేదు. గిదొక్కటే ఉంది. మా అత్త ఏం జేసిందో ఎరికేనా? నలభై ఏండ్లు తొక్కు జాడీ మీద మూత పెట్టింది! మాయమ్మ మొత్తం మామిడికాయ వాసనే.” నవ్వింది. “అత్త పోయినంక తీసి దాసిన. ఒక్కసారి ఇనాలె. అంతే. అమ్మేటందుకు గాదు.”

“ఇప్పుడు పెట్టకూడదు,” అన్నాను. “పాట ఉండే సన్నటి గాట్లలో నూనె జిడ్డు పేరుకుపోయింది. సూది పెడితే గాట్లు చీరుకుపోతాయి.”

ఇంతవరకూ నిజమే.

“ఏడో నెల కడుపుతోటి పాడిందంట. నేనే కడుపుల. ఒక కాడ ఊపిరి అందలేదంట, జెర ఆగి దమ్ము తీస్కొని మల్ల పాడిందంట. మా పెద్దమ్మ చెప్పేది. ఆ దమ్ము ఇనాలె నాకు.”

“కడిగి ఆదివారం తీసుకురండి.”

“దేంతోటి కడగాలమ్మా? నాకేం ఎరికె. ఇస్త్రీల కాలవెట్టిన చీరెలెక్క ఖరాబు చేస్తనేమో.”

ఇక్కడ ఆగుతున్నాను. ఈ వాక్యం ముందు ఆరేళ్ళుగా ఆగుతూనే ఉన్నాను. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, నీడన ఆరబెట్టడం. అంతే కావాలి. నా రికార్డులన్నీ నేను అలాగే కడుగుతాను. ఆ మాట నాలుక చివరే ఉంది. శుక్రవారం కాగితమూ కళ్ళముందుంది. ఇంకో కాపీ తెలియదని ఇప్పుడెలా రాస్తాను? అబద్ధం రాయడం నా వల్ల కాదు. బడిలో ఒక్క మార్కు కూడా తప్పు వేయని దాన్ని. అబద్ధం రాయలేను కాబట్టి దాన్ని నిజం చేశాను.

“స్పిరిట్‌తో,” అన్నాను. “మందుల షాపులో అడగండి. దూదితో గట్టిగా రుద్దండి. దూదికి నల్లగా అంటుతుంది, భయపడకండి. అది మురికే. నలుపు పోయేదాకా రుద్దండి.”

లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. దూదికి అంటేది మురికి కాదు, పాట.

నర్సమ్మ ఆ మాట రెండుసార్లు అప్పజెప్పుకుంది, పాఠంలా. వెళ్ళబోయే ముందు లేబులు పక్కన నున్నటి అంచు మీద గీసి ఉన్న నంబరును నా నోటుబుక్కులో రాసుకున్నాను. అలవాటు. గుమ్మం దగ్గర ఆవిడ నా కాళ్ళకు దండం పెట్టింది. వద్దనలేదు. నా రికార్డు పక్క గదిలో, బీరువా రెండో అరలో ఉంది. తల్లి గొంతుకూ కూతురికీ మధ్య ఒక గోడ. ఆ గోడ దాటించి, శుభ్రంగా ఉన్న నా కాపీ వినిపించి పంపవచ్చు కదా? వచ్చు. ఆ ఆలోచన వచ్చిందా? వచ్చింది. రాలేదని రాస్తే ఈ కాగితానికి అర్థం లేదు.

గురువారం పొద్దున పదకొండు గంటలకు ఫోన్ చేసింది.

“టీచరమ్మా, పరేషాన్ అయితున్న. దూది కట్ట మొత్తం అయిపోయింది, ఇంకా నల్లగనే వస్తుంది. పైన సుత జిగటజిగట అయింది. గిట్లనే అయితదా?”

“ఎన్ని వైపులు రుద్దారు?”

“ఒక్క దిక్కే.”

ఒక్క వైపే. అంటే రెండో పాట ఇంకా బతికే ఉంది. మంగళవారం నాడు తొందరలో అనేశానని చెప్పుకోవచ్చు. గురువారానికి ఆ సాకు లేదు. రెండు రాత్రులు గడిచాయి, నేను బాగానే నిద్రపోయాను. నింపాదిగా జవాబు చెప్పాను.

“అలాగే అవుతుంది. ఆరిపోతుంది. ఇంకో దూది కట్ట తెచ్చుకుని రెండో వైపు కూడా చేయండి.”

“సరే అమ్మా. మీకు తక్లీఫ్ ఇస్తున్న,” అంది.

శుక్రవారం సంతకం పెట్టాను. నా సంతకం ఎప్పటిలాగే ఉంది. ఏడు రికార్డులు ఇంటికి వచ్చాయి. ఒక్కొక్కటీ తుడిచి, తొడుగు మార్చి, వరసలో పెట్టాను.

ఆదివారం నర్సమ్మ వచ్చింది, సకినాల డబ్బా పట్టుకుని. మూట విప్పితే రికార్డు మీద మెరుపు లేదు, తారు రోడ్డులా ఉంది. గ్రామఫోన్‌కు కీ ఇచ్చి, సూది మార్చి, పెట్టాను. ఏమీ రాదని తెలిసి కూడా పెట్టాను. గరగర. తిప్పి పెట్టాను. గరగర. ఆవిడ గొట్టం దగ్గరికి వంగి, చెవి ఆనించి, రెండు వైపులా చివరిదాకా విన్నది. దమ్ము తీసుకున్న చోటు ఎక్కడొస్తుందో అని వెతుకుతోంది. నేను కుర్చీలో కూర్చుని ఆవిడ వీపు చూస్తున్నాను.

లేచాక నన్ను ఒక్క మాట అనలేదు. తనను తాను తిట్టుకుంది.

“నా చేతులే మొద్దు చేతులు టీచరమ్మా. అంట్లు తోమినట్టు తోమిన. మీరు మంచిగనే చెప్తిరి.” కొంగుతో ముక్కు తుడుచుకుని అడిగింది, “ఇంకోటి ఎక్కడన్న ఉంటదా? మీ తాన ఉందా?”

“నా దగ్గర లేదు,” అన్నాను.

అది నిజం. అప్పటికి రెండు రోజులైంది అది నా దగ్గర లేక.

ఇక్కడితో అయిపోతే ఇది డబ్బున్నవాళ్ళతో పోటీపడి చెడిపోయిన ఒక ముసలిదాని కథ. కాదు. మూడు నెలల తరవాత నోటుబుక్కు శుభ్రప్రతి రాస్తూ నర్సమ్మ రికార్డు నంబరూ, నా రికార్డు నంబరూ ఒకదాని కింద ఒకటి రాశాను. చివరి అంకె కలవలేదు. నాదానిది ఒకటి. ఆవిడదానిది రెండు. ఆ రోజుల్లో ఒకే పాటను రెండుసార్లు పాడించేవారు, ఒక్కోసారి రెండూ అచ్చు వేసేవారు. లేబులు అదే ఉంటుంది, పాట అదే ఉంటుంది. ఎన్నోసారి పాడిందో ఆ చివరి అంకె చెబుతుంది. ఇరవయ్యేళ్ళుగా నేను మొదట చూసేది ఆ అంకెనే. ఆ మంగళవారం రాసుకున్నాను గాని చూడలేదు. పక్క గదిలో ఉన్నదానితో పోల్చడానికి పది అడుగులు వేయలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నా రికార్డులో ఎక్కడా ఊపిరి ఆగదు. నాలుగుసార్లు విన్నాను, పాట మొదటి నుంచి చివరిదాకా సాఫీగా సాగుతుంది. ఇంటివాళ్ళు కల్పించి చెప్పుకున్న ముచ్చటనుకున్నాను. కాదు. ఆ దమ్ము రెండోసారి పాడినప్పటిది. నర్సమ్మ దగ్గర ఉన్నది ఇంకోసారి పాడినది. అది నాదానికి పోటీయే కాదు. కాగితం మీద నంబరు చివరి అంకెతో సహా రాసి ఉంటే, ఆవిడ రికార్డు చెక్కుచెదరకుండా ఉండగానే నా కాగితం అక్షరాలా నిజమయ్యేది. నేను దేనికోసం చేశానో, దానికి చేయనక్కరే లేదు.

ఆ తరవాత ప్రతి దసరాకు ఆవిడ ఫోన్ చేసేది. “దొరికిందా టీచరమ్మా?” రెండేళ్ళు లేదన్నాను. మూడో ఏడు ఫోన్ ఎత్తలేదు. నిరుడు నేనే చేశాను, ఏం చెబుదామనో తెలియకుండానే. ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. తిరుమలగిరి ఇక్కడికి ఆటోలో పావుగంట. వెళ్ళలేదు. పెద్దమనిషిని ఒక్కసారి పాట వినిపించమని అడగవచ్చు. అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతాడు.

క్షమ కోసం రాయడం లేదు. ఇవ్వాల్సిన మనిషి మీరు కాదు. ఆవిడ ఇచ్చినా పుచ్చుకునే అర్హత నాకు లేదు. “మొద్దు చేతులు” అని ఆవిడ తన చేతుల్ని తిట్టుకుంది కదా, ఆ మాట ఒక్కటి సరిదిద్దాలి. ఆ చేతులు చెప్పినట్టు చేశాయి. చెప్పింది నేను. తెలిసి చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఇది రాశాక గుండె మీద బరువు కొంచెం పక్కకు జరిగింది. తగ్గలేదు, జరిగింది.

పోయినవి: రికార్డు ఒకటి. అందులో పాటలు రెండు, ఒక్కొక్కటి మూడు నిమిషాల పైచిలుకు. ఒకచోట తీసుకున్న దమ్ము. తల్లి గొంతు వినడానికి కూతురికి ఉన్న ఒకే ఒక్క అవకాశం. దూది కట్టలు రెండు, స్పిరిట్ సీసా ఒకటి, నర్సమ్మ డబ్బుతో కొన్నవి.