ఉగ్రస్తంభం ఎక్కిన లింగమ్మ

ఆళ్లగడ్డ శిల్పశాలలో లింగమ్మది నునుపు పని. శిల్పులు చెక్కి వదిలిన విగ్రహం మీద నీళ్లు చల్లి, రుద్ది రుద్ది అద్దంలా చేసేది. అట్లాంటి విగ్రహమే ఒకటి నిరుడు జారి ఆమె కుడికాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ నడకలో కాలు ఈడ్చడం మిగిలిపోయింది. ఎత్తులు ఎక్కొద్దని ఆసుపత్రిలో చెప్పారు. మొగుడు పుల్లయ్య ఆ మాట పట్టుకుని ఆమెను వీధి చివరి కొట్టుకు కూడా పోనిచ్చేవాడు కాదు.

ఫాల్గుణం వచ్చింది. ఒకనాడు అన్నం తింటూ లింగమ్మ చెప్పేసింది.

"అహోబిలం పోతాండా. ఉగ్రస్తంభం కొండ కొనదాకా ఎక్కుతా."

పుల్లయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏందీ? కాళ్లు బాగుండేటోళ్లే ఆడ సగంలో కూలబడతారు!"

"కూలబడితే లేస్తా. మంచంలో పడుండేదానికంటే అదే మేలు."

శిల్పశాలలో ఆమె పక్కనే పనిచేసే తస్నీమ్ తోడు బయల్దేరింది. "అక్కను నేను పట్టుకుంటాలే అన్నా" అని పుల్లయ్యకు మాటిచ్చింది.

తెల్లవారుతుండగా ఎగువ అహోబిలం నుంచి కొండదారి పట్టారు. వాగు సన్నగిల్లి రాళ్ల సందుల్లో పారుతోంది. ఆకు రాలిన అడవిలో మోదుగులు కొమ్మకొమ్మకూ ఎర్రగా పూశాయి. ఒక్క ఆకైనా లేని కొండగోగు చెట్లకు అరచేయంత పసుపు పూలు. అయినా లింగమ్మను నిలబెట్టేసింది మాత్రం ఒక ఎర్రబండ. దాని మీద ఏటి ఇసుకలో నీళ్లు గీసినట్టు అలలు అలలుగా గీతలున్నాయి. వంగి అరచేయి ఆనించింది.

"దినామూ రాళ్లతోనే సస్తాండాం. ఈడికొచ్చి కూడా రాళ్లేనా అక్కా?" అంది తస్నీమ్.

"ఆడ రాయంటే కూలి. ఈడ ఊరకనే చూస్తాండా."

జ్వాలా నరసింహుని గుహ దాటాక దారి నిట్టనిలువైంది. కుడికాలు మొరాయించింది. లింగమ్మ చీర చెక్కుకుని, రెండు చేతులా బండలు పట్టుకుని పైకి పాకింది. మోచేతులు గీసుకుపోయాయి. తస్నీమ్ కింది నుంచి తోస్తూనే ఉంది.

శిఖరానికి ముందు సన్నటి గట్టు. రెండు పక్కలా లోయ. అక్కడ తస్నీమ్ బండను కరుచుకుని కూర్చుండిపోయింది.

"నాతో కాదక్కా. కండ్లు తిరుగుతాండాయి."

లింగమ్మ వెనక్కి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "కింద చూడాకు. నా వీపే చూసుకుంటా రా."

పట్టుకోవడానికి వచ్చిన మనిషిని పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూనే, లింగమ్మ గట్టు దాటించింది.

పైన గాలి హోరు. చూపు పోయినంత మేరా నల్లమల. తస్నీమ్ ఏడుస్తూ నవ్వుతోంది. లింగమ్మ కొంగులో ముడేసుకున్న ఫోను తీసింది.

"యాడుండావ్?" అన్నాడు పుల్లయ్య కంగారుగా.

"పైన."

"పైనంటే?"

"దీనికి పైన ఇంకేం లేదప్పా, ఆకాశమే!"

అవతల వీధంతా దద్దరిల్లేలా అతని కేక వినబడింది. "ఒరేయ్, మా యామె ఎక్కిందంట రా!"

సాయంత్రం ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి పుల్లయ్య ఆటో పిలిచి పెట్టాడు. లింగమ్మ కాలు గుమ్మడికాయలా వాచింది. అయినా ఆటో ఎక్కలేదు.

"నడిచే పోదాం," అంది. "అందరూ అడగాల, నేను చెప్పాల."