పెళ్లయిందా అండీ?

ఆమె పని కట్టుడు పళ్లు చేయడం. పళ్ల డాక్టరు గది వెనక, చెక్క అడ్డుగోడకు ఇవతల, ప్లాస్టర్ పొడి మధ్య కూర్చుని ఎవరి నోటికి తగ్గ పన్ను వాళ్లకు అరగదీసి ఇచ్చేది. ఇరవై తొమ్మిదేళ్లకే చేయి తిరిగిన మనిషి.

భర్త వెళ్లిపోయి ఏడాది. గొడవేం పడలేదు. ఆఫీసులో పడ్డ చీవాట్లన్నీ మోసుకుని ఇంటికొచ్చి, గోడకేసి తిరిగి పడుకునేవాడు. ఒకరోజు పొద్దున్నే, "ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు, కొన్నాళ్లు వేరే ఉంటాను" అని బ్యాగు సర్దుకున్నాడు. ఆ కొన్నాళ్లకు అంతు లేకపోయింది. అతన్ని ఎరిగినవాళ్లు ఉన్నారని పాత క్లినిక్ మానేసి ఆమె ఇక్కడ చేరింది. ఎవరైనా అడిగితే "మా ఆయన క్యాంపులో ఉన్నారు" అనేది. ఫోన్లో అమ్మకూ అదే మాట. దిగులు కమ్ముకొస్తే పక్కవాళ్ల పని కూడా నెత్తిన వేసుకునేది. ఖాళీగా ఉండాలంటేనే భయం.

ఒక మధ్యాహ్నం గోడ అవతల తెలిసిన గొంతు వినిపించింది. విరిగిన దవడ పన్నుకు తొడుగు కావాలట. రిసెప్షన్ అక్క ఫారం నింపుతోంది.

"పెళ్లయిందా అండీ?"

"లేదండీ."

ఆమె చేతిలో పన్ను జారి బల్ల కిందికి దొర్లింది.

అక్క లోపలికొచ్చి, "కుర్రాడు బాగున్నాడు. మా ఆడపడుచుకి అడగనా?" అని నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది?

వెంట్రుకవాసి తేడా లేకుండా ఆ తొడుగు ఆమే చేసింది. దాన్ని పెట్టించుకుని వెళ్తున్న అతన్ని మెట్ల దగ్గర ఆపింది.

"పెళ్లి కాలేదని రాయించావేంటి?"

అతను ఒక మెట్టు దిగి ఆగాడు. "నువ్విక్కడున్నావని తెలీదు. అయిందంటే, ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతారు. ఏం చెప్పను?"

"మరి నేనేం చెప్పుకోవాలి?"

"నీ ఇష్టం. నాకు మాత్రం తిరిగొచ్చే ఓపిక లేదు."

తిట్టినా బాగుండేది. మనిషి నిజంగానే అలిసిపోయి ఉన్నాడు. చెంప మీద చేయి పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ నెలలోనే డాక్టరు ఆమె నోరు చూసి, "నిద్రలో పళ్లు నూరుతున్నావామ్మా? సగం అరిగిపోయాయి. మనసులో ఏం పెట్టుకోకు" అన్నాడు.

"అలాగే సార్" అంది.

తన నోటికి తానే అచ్చు తీసుకుని, నిద్రలో అరక్కుండా పళ్ల మధ్య పెట్టుకునే పట్టీ ఒకటి చేసుకుంది. రెండు నెలలకే దానికి చిల్లు పడింది. ఇంకోటి, కాస్త మందంగా చేసుకుంది.