ఆరో ఇంజను నంబరు

నా చిన్నప్పుడు నాచారంలో మా పక్క వాటాలో రైలింజన్లు నడిపి రిటైరైన ఒక తాత ఉండేవాడు. మాకు చుట్టం కాదు, కానీ చుట్టాలకంటే ఎక్కువ. మా నాన్న అక్కడే ఒక ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసేవాడు. తాత ఇత్తడి రేకు కత్తిరించి బొమ్మ ఇంజన్లు చేస్తుంటే, వాటి చక్రాలు నాన్న లేత్ మీద తిప్పి తెచ్చిచ్చేవాడు. అలా ఏళ్ళ తరబడి పోగైనవి ఆరు ఇంజన్లు. మూరెడు పొడవు, నల్లరంగు, ఉబ్బిన గుండ్రటి ముక్కు, ముక్కు మీద వెండి నక్షత్రం. ఆరూ ఒకే రకం, ఎక్స్‌ప్రెస్ బండ్లు లాగే డబ్ల్యూపీ ఇంజన్లు. తాత దృష్టిలో మిగతా బొగ్గింజన్లన్నీ ఎడ్లబండ్ల కిందే లెక్క.

ఒకే బొమ్మను ఆరుసార్లు ఎందుకు చేశావని ఒకసారి అడిగాను. తాతకు కోపం వచ్చింది. "మీ అమ్మకు ముగ్గురు పిల్లలు. ముగ్గురు ఒకటేనా?" అన్నాడు. ప్రతి ఇంజను పక్కగోడ మీదా సన్నటి కుంచెతో తెల్లగా ఒక నంబరు రాసి ఉండేది. ఆ ఆరూ తాత నిజంగా నడిపిన ఇంజన్లు. అసలువి ఎప్పుడో తుక్కుకింద కోసేశారు. తాత ఆ నంబర్లు రాసి పెట్టుకున్న నోటుపుస్తకాన్ని చెదలు తినేశాయి. పైగా తాతకు కళ్ళలో నీటికాసులు, చూపు సన్నగిల్లుతూ వచ్చింది. ఆరో ఇంజను మీద నంబరును భూతద్దం పెట్టుకుని, తన ముక్కును రేకుకు ఆనించి రాశాడట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందే తెలిసి ఉంటే బాగుండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, దసరాకు ముందు తాత కంటి ఆపరేషనుకు దవాఖానాలో చేరాడు. తాత భార్య అవ్వ కూడా వెంట వెళ్తూ, ఇంట్లో దీపం పెట్టమని తాళంచెవి అమ్మకు ఇచ్చింది. ఆయుధపూజ రోజు నాన్న లేత్‌కు దండ వేయడానికి ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ఊళ్ళో సైకిళ్ళకు కూడా పూజ జరుగుతుంటే తాత ఇంజన్లు ఊరికే ఉండటం నాకు నచ్చలేదు. పూజకు ముందు కడగాలి కదా! అమ్మ ఇత్తడి బిందెలు తోమగా మిగిలిన చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు తీసుకుని, తాత వాటా తాళం తీసి కూర్చున్నాను. పాత రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. కింద నుంచి బంగారంలాంటి ఇత్తడి బయటపడుతుంటే నా ఆనందం పట్టశక్యం కాలేదు. పాపం, చూపు ఆనక ఇంత మురికి పట్టనిచ్చాడు అనుకున్నాను. ఆరింటినీ తళతళలాడించి, పసుపు కుంకుమ పెట్టి, తలొక బంతిపువ్వు పెట్టాను. మెచ్చుకుంటుందని అమ్మను పిలుచుకొచ్చాను.

అమ్మ గడపలోనే కూలబడింది. "ఏం జేసినవే పిల్లా! నంబర్లేవే?" అంది.

తాత రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. మొదట తాత కళ్ళు బాగుపడాలని మొక్కుకున్నాను. తర్వాత, బాగుపడితే వచ్చీ రాగానే చూస్తాడు కదా అని భయం పట్టుకుంది. అప్పుడు మొక్కు మార్చుకున్నాను. తాత కళ్ళు బాగుపడొద్దని మొక్కుకున్నాను. ఇంత వయసొచ్చింది, ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆపరేషను పనిచేయలేదు. తాత ఒక కంటికి కట్టుతో వచ్చాడు, రెండో కంటికి మసక తప్ప ఏమీ లేదు. వచ్చి నేరుగా ఇంజన్ల దగ్గర కూర్చుని చెయ్యి పెట్టాడు. వేళ్ళు నంబరు ఉండాల్సిన చోటికి పోయి ఆగిపోయాయి. రెండోదాన్ని తడిమాడు, మూడోదాన్ని తడిమాడు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండునని నిలబడ్డాను. తాత తిట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఇంట్లో మనిషి పోయినట్టే ఉన్నాడని అవ్వ అమ్మ దగ్గర కళ్ళొత్తుకుంది.

మూడో రోజు నన్ను పిలిచి తెల్లరంగు, కుంచె తెమ్మన్నాడు. ఒక్కో ఇంజనును ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో వెతికాడు. అసలు ఇంజనుకున్న వంకర బొమ్మకూ పెట్టాడట. ఒకదానికి పక్కకమ్మి వంగి ఉంది, ఒకదానికి పొగగొట్టం దగ్గర సొట్ట. అవి తగలగానే నంబరు చెప్పేవాడు, నేను రాసేదాన్ని. సాయంత్రానికి ఐదింటికి నంబర్లు వచ్చాయి. ఆరోదానికి ఏ వంకరా లేదు. "ఇది నన్ను ఎన్నడు తిప్పలు పెట్టలే బిడ్డా. తిప్పలు పెట్టినయే యాదికున్నయ్" అన్నాడు.

ఆ తర్వాత అన్ని రోజులూ అదే ధ్యాస. తాత అన్నం ముందు కూర్చుని నంబర్లు గొణుక్కునేవాడు. సగంలో లేచి "కాదు, కాదు" అనుకుంటూ అరుగు మీదికి పోయేవాడు. కాజీపేటలో ఉన్న పాత ఫైర్‌మన్‌కు నా చేత ఉత్తరం రాయించాడు. ఆయనకూ గుర్తులేదని జవాబు వచ్చింది. ఆ కార్డును తాత చేతిలో అటూ ఇటూ తిప్పుతుంటే చూడలేక, నేను ఒక అబద్ధం ఆడాను. తోముతున్నప్పుడు నంబరు చూశానని, ఇప్పుడే గుర్తొచ్చిందని చెప్పి, ఏడువేల మూడువందల చిల్లర అంకె ఒకటి నోటికొచ్చింది చెప్పేశాను.

తాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "గదే బిడ్డా! గదే!" అన్నాడు. ఆ నంబరును నా చేతే ఆరోదాని మీద రాయించి, ఆ రోజు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. అవ్వ నాకు దిష్టి తీసింది.

ఇక రోజూ సాయంత్రం ఆ ఇంజను కథలే. దాని మీద ఎక్కడ పోయాడో, వరంగల్ దాటాక ఎంత వాన కురిసిందో, తడిసిన బొగ్గుతో ఎలా నెట్టుకొచ్చాడో చెబుతుంటే మొదట్లో హాయిగా విన్నాను. మూడో రోజో నాలుగో రోజో నాకు తట్టింది. ఆ వాన ఈ ఇంజనుది కాదు. కమ్మి వంగిన ఇంజనుది. ఆ కథ నేను ఎన్నోసార్లు విన్నదే. తాత తనకు తెలియకుండానే ఆ వానను తెచ్చి నా అబద్ధానికి తొడుగుతున్నాడు. మర్నాడు సొట్ట ఇంజను ముచ్చట కూడా దీనికే చెప్పాడు. ఒక నంబరు నేను తోమేశాను సరే, ఇప్పుడు మిగిలిన ఐదూ కూడా నా వల్లే పోతున్నాయి. ఏడుస్తూ కాళ్ళ మీద పడి చెప్పేశాను.

ఒక దెబ్బ వేస్తే బాగుండునని ఎదురుచూశాను. చివరికి కిరోసిన్ గుడ్డతో ఆ నంబరు తుడవమన్నాడు. తుడుస్తుంటే అడిగాడు, సిగ్నల్ దీపం ఆరిపోయి ఉంటే డ్రైవర్ ఏం చేయాలో తెలుసా అని. తెలియదన్నాను.

"పచ్చగనే ఉంటది తియ్ అని పోవద్దు. ఎర్రగున్నట్టే అనుకోని బండి ఆపాలె. ఎనుక డబ్బాలల్ల అందరు పండుకోని ఉంటరు, వాళ్ళకేం తెల్వది. నాకు కనబడలే అని నువ్వే ఒప్పుకోవాలె" అన్నాడు. ఆ ఇంజను మీద చెయ్యి పెట్టి, "నాకు యాదికి లేదు. గంతే. ఖాళీగ ఉంచు" అన్నాడు. అప్పుడు మసక కంట్లోంచి నీళ్ళు కారాయి. కట్టు ఉన్న కంటి సంగతి నాకు తెలియదు.

తాత ఇంకా కొన్నేళ్ళు బతికాడు. ఆ నంబరు మళ్ళీ గుర్తు రాలేదు. నా మొక్కు సంగతి మాత్రం చెప్పే ధైర్యం చేయలేకపోయాను.

ఆ రోజు నుంచి నాకు తెలియనిదాన్ని తెలియదనే అంటూ వచ్చాను. అది పెద్ద గొప్పేమీ కాదు, చాలాసార్లు తిట్లే తిన్నాను. కానీ పోయినేడు ఉప్పల్‌లో ఆసుపత్రి వరండాలో తెలియదు అన్న ఆ ఒక్క మాట అనడం నా వల్ల కాదేమో అనిపించింది. మా ఆయన మంచానపడి మూడు నెలలు. సైనిక్‌పురి నుంచి మా అమ్మాయి రోజూ వచ్చి పగలంతా దగ్గరే ఉండేది. ఆ మధ్యాహ్నం ఒక్క గంట ఇంటికి పోయింది. ఆ గంటలోనే ఆయన వెళ్ళిపోయాడు. పక్కన కుర్చీలో నేను నిద్రపోయి ఉన్నాను.

పరుగున వచ్చి నా భుజాలు పట్టుకుని అడిగింది. "డాడీ నన్ను అడిగిండా అమ్మా?"

అడిగిండు బిడ్డా అంటే చాలు. జన్మంతా ఆ మాట మీద బతికేది. తర్వాత ఎట్లా అడిగాడని అడిగేది, నేను చెప్పేదాన్ని, ఏడాది తిరిగేసరికి నేనే నమ్మేదాన్ని.

"తెల్వదు బిడ్డా. నాకు కన్నంటుకున్నది" అన్నాను.

నన్ను అలాగే చూసింది. ఇక జన్మలో నాతో మాట్లాడదనుకున్నాను. కానీ నేల మీద కూర్చుని, "మరి పొద్దున నేను రాకముందు ఏమన్నడు?" అంది.

"చాయ్‌ల చక్కెర తక్కువైందన్నడు" అన్నాను.

అప్పుడు ఇద్దరం ఏడ్చాం.