తీగల మేడం పత్రిక

మా వదినకి పొగడ్త అంటే ప్రాణం. ఆ మాట నేనంటే ఒప్పుకోదు గానీ, తను వేసిన బొమ్మ చూసి ఎవరైనా "బాగుందండీ" అన్నారంటే చాలు, ఆ పూట మా అన్నయ్య ఏమడిగినా కాదనదు. ఆ కిటుకు తెలిసే మా అన్నయ్య పెళ్లయిన కొత్తలోనే ఆ ఒక్క ముక్క కంఠతా పట్టేశాడు. కూరలో ఉప్పు పడకపోయినా "బాగుంది" అంటాడు, రెండుసార్లు పడినా "బాగుంది" అంటాడు. ఇంట్లో నిజం చెప్పే బాధ్యత అంతా ఆడపడుచుని కాబట్టి నా నెత్తిన పడింది. దాన్ని నేను ఏ లోటూ రాకుండా నిర్వర్తిస్తున్నాను.

వదినా నేనూ ఒకే కాలేజీలో పనిచేస్తాం. ఆమె డ్రాయింగ్ టీచరు, నేను లైబ్రేరియన్ని. ఏటా వచ్చే కాలేజీ పత్రికని తయారుచేసే పని కూడా ఆమెదే. విద్యార్థుల దగ్గర కథలూ కబుర్లూ పోగుచెయ్యడం, వాటిని దిద్దడం, పేజీలు కూర్చడం, అట్ట బొమ్మ వెయ్యడం, అన్నీ తనే. అన్నిటికంటే ముఖ్యం, అంచులు. ప్రతి పేజీ చుట్టూ చేత్తో ఒక తీగ గీస్తుంది. ఒక పేజీలో ఉన్న తీగ ఇంకో పేజీలో ఉండదు. సెలవుల్లో జనం ఊళ్లు తిరిగితే, మా వదిన కిటికీ పక్కన బల్ల వేసుకుని, నాలుక కొస పళ్ల మధ్య బిగించి, ఆకులకి ఈనెలు గీస్తూ కూర్చుంటుంది. కాలేజీలో అందరూ ఆమెని తీగల మేడం అంటారు. అది వెక్కిరింపో ముద్దుపేరో ఆమె ఏనాడూ విచారించలేదు. ముద్దుపేరే అనుకుంది.

అచ్చయిన పత్రికలు కట్టలుగా నా లైబ్రరీకే వచ్చేవి. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు. మొదటి రోజు కొందరు వచ్చి, తమ ఫొటో పడిందా లేదా అని తిరగేసి, మళ్లీ అక్కడే పెట్టి పోయేవాళ్లు. ఆ తర్వాత వాటి మొహం చూసేవాళ్లు ఉండేవాళ్లు కాదు. కట్టలు నెమ్మదిగా బీరువా వెనక్కి చేరేవి. ఉప్పు సంగతి చెప్పినంత తేలిగ్గా ఆ సంగతి వదినకి చెప్పడం ఎవరి తరం?

చివరికి ఆ పని మా ప్రిన్సిపాల్ గారు చేశారు. ఆయన చెడ్డవారేం కాదు. పత్రికలో ఏటా రెండు పేజీల సందేశం, పక్కన ముఖం ముడుచుకున్న ఫొటో ఇస్తారు. మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచి, బీరువా వెనక ఉన్న కట్టల గురించి తనకి తెలుసని చెప్పారు.

"ఈసారి కూడా ఇలాగే మిగిలితే ఇక ఆపేద్దాం మేడం. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. కాగితం ఎవరిక్కావాలి?"

వదిన గుండెల్లో రాయి పడింది. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ అంది, "చదివేవాళ్లకి ఏం కావాలో వాళ్లనే అడుగుతానే. ఇందులో ఏముంది?"

అడిగింది. ఒక ప్రశ్నల కాగితం తయారుచేసింది. కథలు ఎలా ఉన్నాయి, బొమ్మలు ఎలా ఉన్నాయి, అంచులు ఎలా ఉన్నాయి, ఇలా సాగింది. నాకెందుకో అనుమానం వచ్చి, ఒక ప్రశ్న నన్ను చేర్చనివ్వమన్నాను. "పోయిన సంచికలో వచ్చిన పక్షుల పేజీ మీకు నచ్చిందా?"

"పక్షుల పేజీ మనం వెయ్యలేదుగా?"

"అందుకే అడుగు."

"నీకన్నీ వంకరబుద్ధులే" అని నవ్వుతూనే చేర్చింది. అందరూ 'అలాంటి పేజీ లేదు మేడం' అని రాస్తారని ఆమె ధీమా.

ఇక్కడ మా వదిన చేసిన ఘనకార్యం చెప్పాలి. ఆ కాగితాలు తన తరగతిలోనే పంచింది. అదీ వాళ్ల బొమ్మలకి మార్కులు వెయ్యబోయే వారంలో పంచింది. పైన రోల్ నంబరు రాయడానికి గీత కూడా గీసింది! పిల్లలు పిచ్చివాళ్లా? కథలు అద్భుతం. బొమ్మలు అమోఘం. అంచులు చూస్తుంటే చూపు తిప్పుకోలేకపోతున్నాం. ఇక పక్షుల పేజీ అయితే, దాదాపు అందరికీ తెగ నచ్చేసింది. ఒకడు ఆ పేజీని వాళ్ల తాతగారికి కూడా చూపించాడట. ఇంకొకామె వచ్చేసారి చిలకలు ఎక్కువ వెయ్యమని కోరింది.

నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. తలెత్తి వదిన మొహం చూశాక నవ్వడం ఆపేశాను.

"చిలకలట" అంది ఆమె, ఆ కాగితం చేతిలో పట్టుకుని. "ఇన్నేళ్లూ ఎవరి కోసం గీశానే?" అని ఏడ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. ఆ ప్రశ్న ఎందుకు పెట్టించానా అనుకున్నాను. పెట్టించకపోతే ఇంకా ఘోరం జరిగేదని కూడా అనుకున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అన్నయ్య అలవాటు ప్రకారం మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే "బాగుంది" అన్నాడు.

వదిన గరిటె కింద పెట్టింది. "ఏం బాగుందో చెప్పండి."

అన్నయ్య నా వంక చూశాడు. నేను పప్పులో చెయ్యి పెట్టి తల వంచుకున్నాను.

"చెప్పలేరు. నాకు భయపడి అంటున్నారు."

"భయం కాదోయ్, జాగ్రత్త" అన్నాడు అన్నయ్య.

వదినకి నవ్వాగలేదు. నవ్వి, కాసేపు ఆలోచించి, "నోటితో అడిగితే అందరూ జాగ్రత్తపడతారు. చేతులతో అడగాలి" అంది. అదేమిటో మాకిద్దరికీ అర్థం కాలేదు.

మర్నాడు నా లైబ్రరీలో పొడుగు బల్ల మీద పాత పత్రికలు పరిచింది. డ్రాయింగ్ గదిలోంచి కత్తెరలు తెచ్చి వాటి పక్కన పెట్టింది. బల్ల కింద ఒక పెద్ద బుట్ట. దారిన పోయే విద్యార్థులు ఎవరైనా సరే, పేరు అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు. "మీరు ఉంచుకోవాలనుకున్నది కత్తిరించి పట్టుకుపోండి. అక్కర్లేనిది బుట్టలో పడెయ్యండి" అని చెప్పి, తను బీరువాల వెనక్కి వెళ్లి నిలబడింది. లైబ్రరీలో కత్తెర చప్పుడు వింటే నాకు ఒంటి మీద జెర్రులు పాకుతాయి. అయినా వదిన కోసం పళ్ల బిగువున ఓర్చుకున్నాను.

సాయంత్రం బుట్ట తీసి చూశాం. ప్రిన్సిపాల్ గారి సందేశాలు అన్నీ నలగకుండా ఉన్నాయి. సభల నివేదికలు అలాగే ఉన్నాయి. ఎవరో ఎవరికో దండ వేస్తున్న ఫొటోలున్నాయి. పట్టుకుపోయినవి ఏమిటో మిగిలిన కన్నాలని బట్టి తెలిసింది. స్నేహితుల ఫొటోలు పోయాయి. పళ్లెంలో అన్నం వదిలేసేవాళ్లని ఎందుకు తిడతాడో క్యాంటీన్ వంటాయన చెప్పిన కబుర్లు పోయాయి. అద్దె గది కోసం వెళ్లినప్పుడు ఇంటివాళ్లతో ఎలా మాట్లాడాలో చెప్పిన చిన్న వ్యాసం పోయింది. అన్నిటికంటే ఎక్కువగా పోయింది, పరీక్ష తప్పి మళ్లీ కట్టిన ఒకమ్మాయి పేరు వెయ్యకుండా రాసుకున్న అరపేజీ. ఒక్క పత్రికలోనూ అది మిగల్లేదు.

బుట్ట అడుగున మాత్రం తీగలున్నాయి. తమకి కావాల్సిన ముక్క చుట్టూ ఉన్న అంచుని పిల్లలు శ్రద్ధగా కత్తిరించి పారేశారు. సన్నటి పీలికలు, వాటి మీద ఆకులు, ఆకుల్లో ఈనెలు. వదిన ఒక పీలిక తీసి వేలికి చుట్టుకుంది.

నేను ఒంటికాలి మీద లేచాను. "వీళ్లకి కళ్లున్నాయా? నువ్వు సెలవులన్నీ ధారపోసి గీస్తే..."

అప్పటికి ఇంకా వెళ్లని ఒక విద్యార్థిని బెదురుతూ ముందుకొచ్చింది. "అంచు బాలేక కాదు మేడం. దానికే సగం చోటు పోయి అక్షరాలు మరీ చిన్నగా ఉంటాయి. బస్సులో చదువుతుంటే కళ్లు లాగేస్తాయి."

"బస్సులోనా చదువుతారు?" అంది వదిన.

"ఇంకెక్కడ టైముంటుంది మేడం? చాలామందిమి రెండు బస్సులు మారి వస్తాం. ఈ పుస్తకం రెండు చేతులా పట్టుకోవాలి. ఒక చెయ్యి కమ్మీకి కావాలిగా."

వదిన తను తీగల నమూనాలు గీసుకునే పుస్తకం అటకెక్కించింది. బాధపడలేదని చెప్తే అబద్ధం. రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. మూడో రోజు నన్ను రద్దీగా ఉన్న బస్సు ఎక్కించింది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో రకరకాల సైజుల తెల్ల కాగితాల పుస్తకాలు పట్టుకుని, బొటనవేలితోనే పేజీ తిప్పగలమా లేదా అని ఇద్దరం పరీక్ష చేశాం. కండక్టరు మా వంక జాలిగా చూశాడు. అరచేతికి సరిపోయే సైజు తేలింది. అక్షరాల పరీక్ష మా అన్నయ్యకి పెట్టింది, కళ్లజోడు లేకుండా. ఆయన "బా" అని మొదలుపెట్టి, ఆమె చూపు చూసి, "కళ్లు లాగుతున్నాయి, ఇంకాస్త పెంచు" అన్నాడు. ఆ నిజానికి ఆమె ఎంత మురిసిపోయిందో!

తర్వాత నమూనా పేజీలన్నీ లైబ్రరీ బయట గోడకి అతికించి, పక్కన దారంతో ఒక పెన్సిల్ వేలాడదీసింది. పేరు లేకుండా ఏమైనా రాయొచ్చు. పెన్సిల్ మాయమైనప్పుడల్లా ఇంకోటి కట్టేది. "వంటాయన ఫొటో పెద్దది చెయ్యండి" అని రాశారు. "ఈ కవిత అర్థం కాలేదు" అని రాస్తే, ఆ కింద ఇంకొకరు "నాకూ" అని, దాని కింద "రాసింది నేనే, నాకూ" అని ఉంది. అంచులు లేని ఒక పేజీ కింద "తీగలేవి?" అని ఎవరో అడిగారు. వదిన ఆ ముక్కని చాలాసేపు చూసి, చివరి పేజీ అడుగున ఒకే ఒక చిన్న తీగ గీసింది.

ప్రిన్సిపాల్ గారి సందేశం కింద "సార్ ఒకసారి నవ్వితే చూడాలని ఉంది" అని కనబడింది. నేను చెరిపేద్దామన్నాను. వదిన వద్దంది. ఆయన అటుగా వచ్చి, చదివి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. మర్నాడు ఒక కవరు పంపించారు. అందులో నాలుగు వాక్యాల సందేశం, పళ్లన్నీ కనిపిస్తున్న కొత్త ఫొటో ఉన్నాయి.

అంతా బాగానే ఉంది గానీ, చివర్లో చిక్కొచ్చింది. పరీక్ష తప్పిన ఆ అమ్మాయిని వదిన వెతికి పట్టుకుని, జరిగిందంతా పూర్తిగా రాయమని అడిగింది. ఎవరా అమ్మాయి అని నేను ఎంత గుచ్చిగుచ్చి అడిగినా చెప్పలేదు. "పేరు చెప్పనని మాటిచ్చానే" అంది. ఆ అమ్మాయి గుండె విప్పి రాసింది. అక్షరాలు పెద్దవి కావడంతో అది పేజీల్లో పట్టలేదు.

"కొంత కోసెయ్" అన్నాను.

"ఇందులో ఒక్క వాక్యం కూడా కొయ్యను."

ఫలితాల బోర్డు ముందు ఆ అమ్మాయి తన నంబరు వెతుక్కునే చోట ఆపేసి, కింద 'మిగతాది మరో సంచికలో' అని వేసింది.

"మరో సంచిక ఉంటుందో లేదో తెలియకుండా అలా ఎలా వేస్తావు వదినా?"

"ఉంటుందనే వేస్తున్నా" అంది.

పత్రికలు వచ్చిన రోజు పొద్దున్న బల్ల మీద పేర్చాం. ఇద్దరం చెరో పక్కన కూర్చున్నాం. విద్యార్థులు వచ్చారు, తీసుకున్నారు, పోయారు. సాయంత్రానికి బల్ల సగానికి పైగా ఖాళీ అయింది. అయినా వదినకి నమ్మకం లేదు. "తీసుకోవడం వేరు, చదవడం వేరు" అంది. చిలకల దెబ్బ ఆమెకి అలా తగిలింది మరి.

మర్నాడు నేను లైబ్రరీ తలుపు తీసేసరికి గుమ్మంలో గుంపు ఉంది. బస్సుల్లోంచి దిగి తిన్నగా వచ్చారు. వదిన కనబడగానే మీద పడ్డారు.

"ఇదేం అన్యాయం మేడం? సరిగ్గా నంబరు చూసే చోట ఆపేస్తారా?"

"పాసయిందా లేదా? అది చెప్పండి ముందు!"

"నేను చదువుతూ చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను మేడం. తీరా చూస్తే చివరే లేదు!"

ఎవరో గట్టిగా తిడుతున్నారు కూడా. మిగిలిన సగం పత్రికలు ఆ గోలలోనే అయిపోయాయి. వదిన అందరి వంకా మార్చి మార్చి చూస్తోంది. నా లైబ్రరీలో అంత అరుపు నా సర్వీసులో వినలేదు. నేను మామూలుగా గుసగుసకే కళ్లెర్ర చేసేదాన్ని, ఆ రోజు ఎవర్నీ ఏమీ అనలేదు.

ఇంతలో గుంపు చీలింది. ప్రిన్సిపాల్ గారు చేతిలో పత్రికతో నిలబడి ఉన్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"మేడం, ఒక్క సంగతి. ఇంతకీ ఆ అమ్మాయి పాసయిందా?"

"మరో సంచికలో వస్తుంది సార్" అంది వదిన. తర్వాత, ధైర్యం కూడగట్టుకుని, "ఉంటుందా సార్?" అని అడిగింది.

"ఉండకపోతే ఎలాగండీ? ఆ పిల్ల సంగతి తేలాలా వద్దా? ఏడాది దాకా నేనాగలేను, తొందరగా తియ్యండి."

గుంపంతా కేకలు పెట్టింది. వదిన కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, ఆ తలలన్నిటి మీదుగా ఎటో చూసింది. నేను కూడా అటు చూశాను. కిటికీ దగ్గర, రోజూ వచ్చి మూల కుర్చీలో కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయే పిల్ల నిలబడి ఉంది. చేతిలో పత్రికని మొహానికి అడ్డం పెట్టుకుంది, భుజాలు అదురుతున్నాయి. ఆ పిల్ల పక్కనున్న అబ్బాయి ఆమెకేసి తిరిగి, "పాసయ్యే ఉంటుంది, నువ్వేమంటావ్?" అని అడుగుతున్నాడు.