కోడ్ తీసుకో, బొమ్మ ముట్టుకోకు

పొద్దున్నే మా గల్లీ రాజయ్య కాక గేటు ముందు నిలబడి తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. గని కార్మికులకు షిఫ్టులు గుర్తుచేయడానికి నేను రాసి, కోడ్‌తో సహా ఉచితంగా పెట్టిన యాప్‌ను నమ్మి నిన్న సెకండ్ షిఫ్టుకు వెళ్తే, ఆయనది ఫస్ట్ షిఫ్టట. హాజరు మస్టర్ పడక ఒక రోజు జీతం పోయింది.

ఆయన ఫోన్ తీసుకుని చూశాను. యాప్ పేరు నాదే, దాని గుర్తు టోపీ లైటు బొమ్మా నాదే. అడుగున మాత్రం చౌరస్తాలోని సంపత్ అన్న మొబైల్ షాపు ప్రకటన. నా కోడ్ తీసుకుని, అందులో అది ఇరికించబోయి షిఫ్టుల లెక్క చెడగొట్టి, ఆ యాప్‌నే రాజయ్య కాక ఫోన్‌లో ఎక్కించాడు.

నేరుగా షాపుకే వెళ్లాను. పదేళ్లు గనిలో చేసి వచ్చిన మనిషి, తొణకలేదు.

“కోడ్ ఎవలన్న తీస్కోవచ్చని నువ్వే రాసినవ్ గద. మల్ల ఈ లొల్లేంది?”

“కోడ్ తీస్కో అన్న, మార్చుకో. పేరు, బొమ్మ వాడొద్దని గూడ అండ్లనే రాసిన. గనిల తట్ట, బొగ్గెత్తే చెమ్మస్ ఎవలియైనా వాడుకుంటరు. ఇంకొకని నంబరున్న టోకెన్ పట్టుకొని కిందికి దిగుతరా? రూఫు కూలితే ఎవలింటికి కబురు పోవాలె?”

సంపత్ అన్న మారుస్తానన్నాడు.

సాయంత్రానికి మార్చాడు కూడా. అదే పేరు, అదే బొమ్మ. పక్కన కొత్తగా ‘అసలైనది’ అని చేర్చాడు.

ఇక నాదానికి ఏం పేరు పెట్టుకోవాలో మీరే చెప్పండి. తిట్లు మాత్రం ఇప్పటికీ మా గేటుకే వస్తున్నాయి.