మామ చెలకలో సక్సెషన్

ఉప్పల్ బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దగ్గరికి నాలుగోవాడు వచ్చి "జర జరుగు అన్నా" అంటాడు. మొదట ఒక తొడ మాత్రమే ఆనిస్తాడు. తార్నాక వచ్చేసరికి కిటికీ పక్కన వాడుంటాడు, ముందునుంచీ కూర్చున్న నేను కడ్డీ పట్టుకుని నిలబడి ఉంటాను. ఇది ఎలా జరుగుతుందో మూడేళ్లు ప్రయాణం చేసినా అంతుపట్టలేదు.

ఆ మూడేళ్లూ నేను బీఎస్సీ, వృక్షశాస్త్రం. దున్నకుండా వదిలేసిన నేలలో ఏ మొక్క తర్వాత ఏ మొక్క వస్తుందో రికార్డు రాయమన్నారు మా లెక్చరర్. నేల మీద కంటే బ్లాక్‌బోర్డు మీదే ఎక్కువ అడవులు పెంచినవారాయన. దీన్ని సక్సెషన్ అంటారన్నారు. తెలుగు మాట ఏమిటని అడిగితే పరీక్షకు అక్కర్లేదన్నారు.

నాచారంలో మా మేనమామకు ఎర్ర చెలక ఉండేది. మగపిల్లలు లేరు, నేనంటే ప్రాణం. ఒక మూల నాగలి పెట్టొద్దని అడిగితే, "గడ్డి సదువా అల్లుడా? సరే, సదువు" అన్నాడు. మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప వేశాను. నాలుగు మేకులు పాతి, తాడు కట్టి, టేపుతో కొలిచి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. మొదటి వానలకు పల్లేరు వచ్చింది. మరుసటి ఏడు గరిక కమ్మేసింది. మూడో ఏడు తంగేడు లేచింది, దాని నీడలో గరిక పాలిపోయింది. ఇంకో మూడు నెలలు నాగలి పడకపోతే నా రికార్డు పూర్తవుతుంది.

మౌలాలి వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. చెలకలకు ఉన్నట్టుండి మర్యాద పెరిగింది. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ కూడా కాలినడకన తిరగసాగాడు. ఒకరోజు కంప దగ్గర ఆగాడు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా, టేపు వట్కొని?"

"సక్సెషన్, పట్వారీ సాబ్. మూడేండ్ల సంది రాస్తున్న."

ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా కచేరీ కాగితాల్లోది. అక్కడ ఆ మాటకు ఒకటే అర్థం: విరాసత్, అంటే చచ్చినవాడి భూమి వారసుడి పేరెక్కడం. కంప చూశాడు, మేకులు చూశాడు.

"మీ మామ మంచిగనే ఉన్నడు గదా?"

గుండ్రాయిలా ఉన్నాడన్నాను. ఆయన తల ఊపిన తీరును శాస్త్రం పట్ల గౌరవం అనుకున్నాను.

మర్నాడు వెళ్లేసరికి కంప పక్కకు లాగి ఉంది. మామ నాగలికి ఎడ్లను కట్టుకుని ఆ మూలనే నిలబడ్డాడు.

"నేను బతికుండంగనే విరాసత్ రాస్తున్నవట?"

నోటుబుక్కు తెరిచి చూపించాను. ఇది భూమి సంగతి కాదు, గడ్డి సంగతి అన్నాను. పల్లేరు ముందొచ్చి నేలను కాస్త మెత్తబరిచిందని, ఆ మెత్తదనంలో గరిక దిగి పల్లేరును తరిమిందని, గరిక దాచిన తేమ తాగి పెరిగిన తంగేడు ఇప్పుడు గరికనే చంపుతోందని వివరంగా చెప్పాను. తర్వాత వైవాలో కూడా అంత బాగా చెప్పలేదు.

మామ ఓపికగా విన్నాడు. ముల్లుగర్ర చేతిలోకి తీసుకున్నాడు.

"అంటే, సోటిచ్చినోణ్ణే ఎనక వచ్చినోడు జంపుతడు. పట్వారీ గూడ గదే జెప్పిండు."