పురుగులకు వంట

మగ్గాల పనికి పరాయి రాష్ట్రం వలసొచ్చిన తెలుగువాళ్లుండే మా గోడాదరా గల్లీలో ఎవరైనా "మీ బిడ్డ ఏం పని చేస్తది?" అని అడిగితే మా అమ్మ దగ్గర ఒకటే జవాబు ఉండేది. "పురుగులకు వంట చేస్తది. ఇంట్ల పొయ్యి ముట్టియ్యమంటే మాత్రం చేతులు రావు." అడిగినవాళ్లు నవ్వేవాళ్లు, నాకు ఒళ్లు మండేది. నిజానికి ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. ఉధనా దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో బ్యాక్టీరియాకు మేత తయారు చేయడం, ఆ మేత మీద ఏం పెరిగిందో చూడడం, ఇదే నా పని.

అది నిజంగా వంటే. అగార్ పొడిని నీళ్లలో కలిపి, ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న లాంటి ఆటోక్లేవ్‌లో ఉడికించి, చెయ్యి ఓర్చుకునేంత వేడికి దిగాక పళ్లేల్లో పోస్తే గంజి పేరుకున్నట్టు పేరుకుంటుంది. ఆ వేడిలోనే గొర్రె రక్తం కలిపితే బ్లడ్ అగార్. ఇంకా సలసలమంటున్నప్పుడే కలిపితే రక్తం ఉడికి గోధుమరంగుకు తిరిగి చాక్లెట్ అగార్ అవుతుంది. పేరు చూసి మోసపోవద్దు, అందులో చాక్లెట్ చుక్క కూడా ఉండదు. మకాంకీ అగార్‌ది మాత్రం కడుపుబ్బ నవ్వించినా కరగని పంతులమ్మ స్వభావం. అందరినీ గుమ్మం దాటనివ్వదు. దాటినవాళ్లలో పాలచక్కెర తినేవాళ్లెవరో గులాబీ రంగు పూసి మరీ చూపిస్తుంది.

రెండో విడత కరోనాలో, నేను బాపు అని పిలిచే మా నాన్నకు జబ్బు చేసింది. ఆయన పవర్‌లూమ్ ఖాతాలో, అంటే కరెంటు మగ్గాల షెడ్డులో, మగ్గాలు నడిపేవాడు. ఎలాగో ఆ గండం గడిచి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడు. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ జ్వరం, చిక్కటి కఫం. మందుబిళ్లలు వేసినా జ్వరం దిగలేదు. డాక్టర్ కఫం కల్చర్ చేయించమన్నాడు. ఏదైనా పెరిగితే దాన్ని చంపే మందు ఇస్తానన్నాడు. ఏమీ పెరగకపోతే ఇది కరోనా వదిలిపోయిన వాపే అనుకుని స్టెరాయిడ్ పెంచుతానన్నాడు. లోపల బ్యాక్టీరియా ఉండగా స్టెరాయిడ్ పెంచడమంటే దొంగల చేతికి తాళాలు ఇవ్వడమే. అందుకే ఆ పళ్లెం మీద ఏం కనిపిస్తుందన్నది మా ఇంటికి చావుబతుకుల మాట.

ల్యాబ్ నుంచి మూత బిగించిన డబ్బీ ఒకటి తెచ్చి అమ్మకు ఇచ్చాను. పొద్దున లేవగానే మంచినీళ్లతో నోరు పుక్కిలించి, లోపలి నుంచి దగ్గి, అందులో ఉమ్మమని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాను. కాసేపటికి అమ్మ పంపిన డబ్బీ ల్యాబ్‌కు వచ్చింది. ఆ కఫాన్ని నేనే పళ్లేల మీద గీతలుగా పూసి, వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో పెట్టాను.

మర్నాడు తీసి చూస్తే ఏ పళ్లెం మీదా ఏమీ లేదు. బ్లడ్ అగార్ అప్పుడే పోసినట్టు నున్నగా మెరుస్తోంది. మా ల్యాబ్ మేడమ్ వెనక నుంచి తొంగిచూసి, "అచ్ఛా హై న బేటా, నో గ్రోత్ లిఖ్ దో" అంది, మంచిదేగా, ఏమీ పెరగలేదని రాసెయ్యమని. ఒక్క క్షణం నాకూ గుండె తేలికైంది. ఆ వెంటనే భయం పట్టుకుంది.

కఫం నోటి గుండానే బయటికి రావాలి. నోట్లో ఎవరికైనా కొన్ని పురుగులు కాపురం ఉంటాయి. అవి హాని చేసేవి కావు, ప్రతి కఫంలోనూ అంతో ఇంతో పెరుగుతాయి. వంటలో లోపమా అంటే, అదే రోజు పోసిన పళ్లేల మీద వేరే రోగులవి బ్రహ్మాండంగా పెరిగాయి. మరి మా బాపు నోట్లోవి ఏమైనట్టు? ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నందుకు కాదు, ఏదో అన్నింటినీ ఒకేసారి తుడిచిపెట్టినందుకే పళ్లెం బోసిగా ఉంది.

"రిపోర్ట్ ఆపండి మేడమ్, డబ్బీలోనే ఏదో జరిగింది" అన్నాను. ఆమె పళ్లేన్ని వెలుతురుకు ఎత్తి కాసేపు చూసి, "ఠీక్ ఛే" అని ఒప్పుకుంది.

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, నేనిచ్చిన డబ్బీని ఏం చేసినవ్?"

"ఏం జేస్త? మంచిగ సాఫ్ చేసిన."

"దేంతోని?"

"లోపట శానిటైజర్ కొట్టి దూదితోని తుడిసిన. గది ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో ఏమో. మీ బాపు మూతి కాడ పెట్టుకునేదాయె!"

నా కోపం సంగతి గల్లీ మొత్తానికి తెలుసు. కానీ ఆ రోజు కోపం రాలేదు. ఉల్లిగడ్డలకు స్నానం చేయించిన రోజులవి. పాల ప్యాకెట్టు, తాళంచెవి, గొళ్లెం, దేన్నీ వదలలేదు. టీవీ చెప్పింది, గల్లీ చెప్పింది, అందరికంటే ఎక్కువగా నేనే చెప్పాను. అంత భయంలో ఆమె డబ్బీని ఎందుకు వదిలేస్తుంది?

"గా శానిటైజర్‌కు పురుగులన్ని సచ్చినయమ్మా. గిప్పుడు బాపుకు ఏమున్నదో తెలుస్తలేదు."

"గట్లయితే నా చేతులతోని నేనే ఆయనను..." అని ఆగిపోయింది.

"ఏం కాలేదు. పొద్దుగాల నేనే తీస్త" అన్నాను.

మర్నాడు మాస్కు మీద మాస్కు కట్టుకుని నేనే డబ్బీ పట్టుకున్నాను. దగ్గి దగ్గి అలసిపోయిన బాపు, "జర మంచిగ వండిపెట్టు బిడ్డా, ఆకలి మీదున్నయ్ నీ పురుగులు" అన్నాడు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. డబ్బీ వైపు చెయ్యి కూడా చాపలేదు.

ఈసారి మకాంకీ మీద గులాబీ రంగు చుక్కలు లేచాయి. లూప్ తీగతో ఎత్తితే పాకంలా సాగాయి. న్యుమోనియా తెచ్చే క్లెబ్సియెల్లా. మా బాపు రోగాన్ని కళ్లారా చూసి అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు. దాన్ని మరో పళ్లెంలో పరిచి రకరకాల మందులు పీల్చిన చిన్న కాగితపు బిళ్లలు అద్దాం. బాపు వేసుకుంటున్న మందును అది లెక్కే చేయకుండా అంచు దాకా పెరిగింది. ఇంకో మందు చుట్టూ మాత్రం దగ్గరికి రాలేక దూరంగా ఆగిపోయింది. డాక్టర్ స్టెరాయిడ్ మాట ఎత్తకుండా ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టాడు. జ్వరం మెల్లగా దిగింది.

కొన్ని వారాల తర్వాత, ఎందుకైనా మంచిదని మళ్లీ ఒకసారి కల్చర్ చేశాం. ఫలితం చూసుకుని ఇంటికి వెళ్లేసరికి అమ్మ బాపుకు అన్నం వడ్డిస్తోంది. నా ముఖంలోకి చూడకుండానే అడిగింది.

"ఏమన్న పెరిగిందా?"

"పెరిగింది."

గరిటె ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"భయపడకు అమ్మా. అందరి నోట్ల ఉండేటియే. నీకు, నాకు, అందరికి ఉంటయ్. గవి ఉంటేనే మంచిది."

ఆమె నన్ను చూసింది, బాపును చూసింది. గరిటె నిండా అన్నం తీసి, ఆయన వద్దంటున్నా వినకుండా కంచంలో పెట్టింది.

"తిను" అంది. "నీతోని గవి గూడ తింటయ్."